ఈస్టర్ గుడ్డుకు పుట్టిల్లు వంటిల్లే

ఈస్టర్ దగ్గరపడిందంటే చాలు, ఒక కథ ఫోన్లలో తిరుగుతుంది. గుడ్డూ కుందేలూ ఈయోస్ట్రే అనే పాత జర్మన్ జాతుల దేవతవట, చర్చి వాటిని లాక్కుందట. చదువుకున్నవాళ్లూ నమ్మేస్తున్నారు. ఆధారం అడిగితే మాత్రం ఈ కథ నిలబడదు. ఆ దేవత ప్రస్తావన మొదట కనిపించేది 725లో ఇంగ్లండ్ సన్యాసి బీడ్ రాసిన కాలగణన గ్రంథంలో. ఆమె పేరిట ఒక నెల ఉండేదని, అప్పుడు ఉత్సవాలు చేసేవారని చెప్పి ఆయన ఊరుకున్నాడు. గుడ్డు ఊసు లేదు, కుందేలు ఊసు అసలే లేదు. ఆ కాస్త ఆధారంతో 1835లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ ఒస్టారా అనే దేవతను ఊహించాడు. కుందేలు బహుశా ఆమె జంతువు కావచ్చని 1874లో మరో జర్మన్ పండితుడు హోల్ట్‌స్మన్ అన్నాడు. ఆ ‘బహుశా’ తర్వాత ఎగిరిపోయింది.

గుడ్డు జాడ దొరికేది వంటింట్లో. మన క్రైస్తవులు శ్రమల దినాలనే ఈస్టర్ ముందరి నలభై రోజులూ మధ్యయుగపు యూరప్‌లో మాంసంతోపాటు గుడ్లూ నిషిద్ధమే. సరిగ్గా అప్పుడే పగటి పొద్దు పెరిగి కోళ్లు జోరుగా గుడ్లు పెడతాయి. తినకూడదు, పారేయలేరు. పోగుపడ్డవన్నీ పండుగనాటికి విందూ కానుకా అయ్యాయి. 1290లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి లెక్కల్లో, పరివారానికి పంచడానికి 450 గుడ్లకు పెట్టిన ఖర్చు 18 పెన్నీలని ఉంది. ఉపవాస నియమం ఇప్పటికీ గట్టిగా ఉన్న గ్రీకు ఆర్థడాక్స్ ఇళ్లలో పవిత్ర గురువారం గుడ్లకు ఎర్రరంగు వేస్తారు. క్రీస్తు రక్తానికి గుర్తది. ఈస్టర్ అర్ధరాత్రి ఆరాధన అయ్యాక, క్రీస్తు లేచాడంటూ ఒకరి గుడ్డును ఇంకొకరు కొడతారు. పగలనిది ఎవరిదో వాళ్లకు ఆ ఏడాది అదృష్టమని నమ్మకం.

ఇరాన్‌లో వసంతపు కొత్త ఏడాది పండుగ నౌరూజ్‌కూ గుడ్లకు రంగులు వేస్తారు కదా, వసంతానికి గుడ్డును గుర్తుగా పెట్టుకోవడం క్రైస్తవం కంటే పాతది కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే పోలిక ఉన్నంత మాత్రాన వారసత్వం రుజువు కాదు. వసంతంలో గుడ్లు పుష్కలంగా దొరికే చోటల్లా ఆ ఆలోచన ఎవరికివారికి తట్టవచ్చు. అరువు తెచ్చుకున్నారనాలంటే మధ్య దారి చూపాలి, ఒస్టారా కథకు ఆ దారే లేదు. కుందేలైతే మరీ ఆలస్యంగా వచ్చింది. అది గుడ్లు తెచ్చి గడ్డిలో దాస్తుందని, పిల్లలు వెతుక్కుంటారని 1682లో జర్మన్ వైద్యుడు ఫ్రాంక్ ఫొన్ ఫ్రాంకెనావ్ రాశాడు. ఆయన దాన్ని అల్సాస్ చుట్టుపక్కల పిల్లలకు చెప్పే కల్పనగానే చూశాడు తప్ప ఏ దేవతకూ ముడిపెట్టలేదు. అమెరికాకు దాన్ని మోసుకెళ్లింది పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు.