క్యాన్సర్ మందుకు కరిగే తొడుగు: కణితికి చేరేది ఎంత?

క్యాన్సర్ మందులతో వచ్చిన చిక్కు ఒక్కటే. వేగంగా పెరిగే కణం ఏదైనా వాటికి శత్రువే. జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, రక్తాన్ని తయారుచేసే మూలుగ కూడా వేగంగా పెరిగేవే. అందువల్లనే రోగికి జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది. దీనికి విరుగుడుగా మందును కరిగిపోయే తొడుగులో పెట్టి పంపాలని శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కృషి చేస్తున్నారు.

తొడుగు కొత్తదేమీ కాదు. ఆపరేషన్ తర్వాత విప్పే పనిలేకుండా కరిగిపోయే కుట్ల దారం ఆ జాతిదే. పి.ఎల్.జి.ఎ. అనే ఈ పాలిమర్ ఒంట్లోని నీటికి మెల్లగా విడిపోయి రెండు ఆమ్లాలుగా మారుతుంది. వాటిలో ఒకటి పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లమే. తొడుగు కరిగేకొద్దీ మందు కొంచెం కొంచెంగా వెలువడుతుంది. వేపపూత యూరియా పైరుకు నత్రజనిని నిదానంగా అందించడం రైతులకు తెలిసిందే.

నెలకొక సూది

ఈ పద్ధతి ఇప్పటికే ఒకచోట నెగ్గింది. ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కు వాడే ల్యూప్రోలైడ్‌కు అమెరికాలో 1985లో అనుమతి వచ్చినపుడు రోజూ సూది వేయించుకోవలసి వుండేది. 1989లో పాలిమర్ రేణువుల్లో నింపిన మందు రావడంతో నెలకు ఒక్క సూది చాలింది. ఈ మందు మన దేశంలోనూ దొరుకుతున్నది. పట్నం ఆసుపత్రికి బస్సెక్కవలసిన పల్లె రోగికి ఇది చిన్న మేలు కాదు.

గురి తప్పుతున్న రేణువులు

నానో రేణువుల సంగతి వేరు. ఇవి వెంట్రుక మందంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. కణితి రక్తనాళాలకు సందులు ఎక్కువనీ, పెద్ద అణువులు అక్కడ జారి నిలిచిపోతాయనీ 1986లో జపాన్ శాస్త్రజ్ఞులు మత్సుమురా, మయేదా తెలిపారు. ఆశలు చిగురించాయి. 2007లో దక్షిణ కొరియా పాలిమర్‌లో ఇమిడ్చిన పాక్లిటాక్సెల్‌ను అనుమతించింది.

అయితే టొరంటో పరిశోధకులు పదేళ్ళ ప్రయోగాల లెక్కలు తీసి 2016లో వెల్లడించిన విషయం ఆలోచింపజేస్తున్నది. ఎక్కించిన రేణువుల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే. అంటే నూరు రూపాయల్లో డెబ్బై పైసలు! మిగతావాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. గురిచూసి కొట్టే రేణువులు తయారుచేసిన అమెరికా సంస్థ బైండ్ అదే ఏడు దివాలా తీసింది.

కనుక ఈ మందుల వల్ల ఇంతవరకు కలిగిన లాభం ముఖ్యంగా బాధ తగ్గడం, తిప్పట తగ్గడం. రోగం మాయం కావడం కాదు. "నానో" అన్న పేరు విని పొలం తాకట్టు పెట్టే ముందు, ఆ మందు ఏ క్యాన్సర్‌కు అనుమతి పొందిందో, మామూలు మందు కంటే ఎంత మేలో డాక్టరును అడగడం రోగి హక్కు. మానని పుండు, తగ్గని గడ్డ కనిపించగానే పరీక్ష చేయించుకోవడానికి మాత్రం ఏ కొత్త మందు కోసమూ ఎదురుచూడనక్కరలేదు.