వాసన పట్టే ప్లాస్టిక్కు

ప్రకృతి మనిషికి ప్రసాదించిన కావలివాడు ముక్కు. అయితే ఈ కావలివాణ్ణి ముందుగా నిద్రపుచ్చి, ఆ తరువాత ప్రాణం తీసే వాయువొకటి ఉన్నది. అదే హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిపాటిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్ల కంపు కొడుతుంది. గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 100 పాళ్ళు చేరేసరికి ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. కంపు పోయిందని మనిషి ఊరట చెందే క్షణమే అసలైన అపాయం.

సూరత్ నగరంలో ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వలసవెళ్ళిన నేత కుటుంబాలు అనేకం జీవిస్తున్నవి. మగ్గాల వెంట అద్దకపు మిల్లులు, మిల్లుల వెంట రసాయనాలు వచ్చినవి. ఉధ్నాకు దక్షిణాన ఉన్న సచిన్ పారిశ్రామికవాడలో 2022 జనవరి 6 వేకువజామున, ఒక ట్యాంకరు నుండి రసాయన వ్యర్థాలను అక్రమంగా కాలువలోకి వదలుతుండగా విషవాయువు వెలువడి, ఆరుగురు కార్మికులు మరణించారు.

ముక్కు విఫలమైన చోట కాపలా కాయగల పదార్థమేది? విచిత్రమేమంటే, దాని మూలాలు అద్దకంలోనే ఉన్నవి. పందొమ్మిదవ శతాబ్దంలో నూలు గుడ్డలకు నల్లరంగు వేసిన అనిలీన్ బ్లాక్ కుటుంబానికి చెందినదే పాలీఅనిలీన్. ప్లాస్టిక్కులు విద్యుత్తును ప్రసరింపనీయవన్న నమ్మకాన్ని 1977లో హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావా అనే శాస్త్రజ్ఞులు మరొక పాలిమర్‌తో వమ్ము చేశారు. 2000లో నోబెల్ బహుమతి పొందారు. ఆమ్లంతో కలిసిన పాలీఅనిలీన్ కూడా విద్యుద్వాహకమే. అమ్మోనియా తగిలితే దాని విద్యున్నిరోధం పెరుగుతుంది; ఆకుపచ్చ రంగు నీలిగా మారుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టుకొనడం అంత సులభం కాదు. అందుకు తాళానికి తగిన తాళంచెవి వలె, ఆ అణువును గుర్తించే పదార్థాన్ని పాలిమర్‌కు జతచేయాలి. రాగి క్లోరైడు కలిపితే, ఆ వాయువు రాగితో చేరి రాగి సల్ఫైడుగా మారుతుంది. అప్పుడు విడుదలయ్యే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పాలిమర్‌లో విద్యుత్ప్రవాహాన్ని పెంచుతుంది. ఆ మార్పే హెచ్చరిక గంట.

గాలిలోని తేమ ఇట్టి పరికరాలను తికమక పెడుతుంది. సముద్రతీరానికి చేరువైన సూరత్‌లో ఇది చిన్న చిక్కు కాదు. అందుచేత వేర్వేరు పాలిమర్లను వరుసగా అమర్చి, వాటి స్పందనలన్నిటినీ పోల్చి నిర్ణయించే పద్ధతి వచ్చింది.

పరికరం ఉన్నా లేకున్నా, పాఠకులు ఒక్క సంగతి మరువరాదు. మురుగు కాలువ వద్ద దుర్గంధం హఠాత్తుగా మాయమైతే అది క్షేమానికి గుర్తు కాదు. వెంటనే గాలికి ఎదురుగా దూరం జరగాలి. లోపల పడిన వానికోసం రక్షణ సాధనాలు లేకుండా దిగరాదు.