పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్

కడప జిల్లా నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం రెండు నెలల క్రితం మాకు అందినది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. 2017లో సెలవుపై వచ్చినప్పుడు ఆయన కొని ఇచ్చిన ల్యాప్‌టాప్ మీదనే పెద్దమ్మాయి ఇంటర్మీడియట్ చదువుకున్నది. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టును కూడా దాని మీదనే పూర్తి చేయవలసి ఉన్నది. ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోవుచున్నదని బజారులోని మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే, ఆ దుకాణదారు రెండు మార్గాలు చూపించాడట. నలభై వేలు పెట్టి కొత్తది కొనడం ఒకటి. ఐదు వందలు ఇస్తే "క్రాక్ చేసిన" విండోస్ 11 వేసి ఇవ్వడం రెండవది. భర్తకు ఫోనులో చెబితే, గదిలోని స్నేహితుల వద్ద అప్పు తీసుకొని పంపుతానన్నారు. "అప్పూ వద్దు, దొంగ సరుకూ వద్దు. వీటిలో ఏదీ లేని దారి ఉన్నదా?" అన్నది ఆమె ప్రశ్న.

ఉన్నది. అయితే దుకాణదారు చెప్పినదంతా అబద్ధం కాదు. విండోస్ 10కు భద్రతా సవరణలు ఇవ్వడాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో నిలిపివేసినది. గృహ వినియోగదారులు నమోదు చేసుకుంటే మరొక్క సంవత్సరం, అనగా 2026 అక్టోబరు 13 వరకు, సవరణలు అందుతాయి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పూ, ఇంటెల్ ప్రాసెసరైతే సుమారుగా ఎనిమిదవ తరం లేక ఆ తరువాతిదీ కావాలి. ఆ సోదరి ఇంటిలోని యంత్రం ఆరవ తరానికి చెందిన ఐ3. ర్యామ్ 4 జి.బి.; డిస్కు 500 జి.బి. అంటే గడువు తీరినది విండోస్ 10కే గాని ల్యాప్‌టాప్‌కు కాదు. కీబోర్డు పనిచేస్తున్నది, తెర బాగున్నది, బ్యాటరీ గంటసేపు నిలుస్తున్నది. అటువంటి వస్తువును మూలన పడవేయడం ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది?

ఇక ఐదు వందల క్రాక్ సంగతి. వెల చెల్లించవలసిన వస్తువును చెల్లించకుండా వాడుకోవడం ధర్మమేనా అన్న సందేహం ఆ సోదరికి దానంతట అదే కలిగినది. ఆ విషయంలో ఆమెకు మేము చెప్పగలిగినది ఏమీ లేదు. ఆ క్రాక్‌ను తయారుచేసినవాడు ఎవరో, దానిలో ఇంకేమి దాచిపెట్టాడో మాత్రం ఎవరికీ తెలియదు. యూపీఐ, బ్యాంకు ఖాతా, ఆధార్ కాగితాల నకళ్లు ఉన్న యంత్రంలోకి అపరిచితుని చేతి పనిని అనుమతించడం ఇంటి తాళంచెవిని అప్పగించడమే.

ఆమెకు మేము సూచించినది లినక్స్. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి దీనిని మొదలుపెట్టాడు. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు గుండెకాయ ఇదే. దీని మూల రచనను ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, నకలు తీసి పొరుగువారికి ఇవ్వవచ్చు. లైసెన్సే అందుకు అనుమతి ఇస్తున్నది. కాబట్టి ఐదుగురు స్నేహితురాళ్లకు పంచినా అందులో దొంగతనం లేదు.

చిక్కు ఎంపికలోనే ఉన్నది. లినక్స్ అనే పేరుతో ఒకే వస్తువు దొరకదు. ఒకే పిండితో పది ఇళ్లలో పది రకాల రొట్టెలు చేసినట్లు, వందలాది బృందాలు దానిని తమ తమ రీతులలో కూర్చి ఇస్తున్నాయి. వీటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. మన పాఠకులలో కొందరికి 'సబీలీ' జ్ఞాపకం ఉండవచ్చు. ఉబుంటు అనే ప్రసిద్ధ డిస్ట్రిబ్యూషన్‌ను ఆధారం చేసుకొని, ఖుర్‌ఆన్ పఠనానికి 'జిక్ర్', నమాజు వేళలకు 'మిన్బర్' వంటి ఉపకరణాలను ముందుగానే అమర్చి, ముస్లిం కుటుంబాల కొరకు రూపొందించిన వ్యవస్థ అది. తొలుత ఉబుంటు ముస్లిం ఎడిషన్ అన్న పేరుతో వెలువడి, తరువాత అరబ్బీలో 'నా మార్గం' అని అర్థమిచ్చే ఈ పేరు పెట్టుకున్నది. 2011 తరువాత దాని కొత్త కూర్పు రాలేదు. నేడు దానిని ఎక్కడైనా వెదకి పట్టుకొని వేసుకుంటే అది భద్రత లేని పాత వస్తువే అవుతుంది. పేరును చూసి గాని, తెర అందాన్ని చూసి గాని ఎంచుకోరాదని మేము అనడానికి కారణం ఇదే. దీని వెనుక ఎందరు ఉన్నారు, సవరణలు ఎన్ని సంవత్సరాలు అందుతాయి, సందేహం వస్తే అడగడానికి ఎవరైనా దొరుకుతారా అన్న మూడు ప్రశ్నలూ ముందు వేసుకోవాలి. సబీలీలోని సౌకర్యాలు నేటి ఏ లినక్స్‌లోనైనా విడివిడిగా చేర్చుకోదగినవే.

ఈ మూడు ప్రశ్నలతో చూసినప్పుడు కొత్తవారికి మా తొలి సలహా లినక్స్ మింట్. క్లెమెంట్ లెఫెబ్వ్ర్ అనే ఫ్రెంచి వ్యక్తి 2006లో ఆరంభించిన ఈ వ్యవస్థలో విండోస్‌కు అలవాటుపడిన చేతికి తడబాటు ఉండదు. మెనూ ఎడమవైపు క్రింది మూలనే ఉంటుంది, గడియారం కుడివైపు మూలనే ఉంటుంది. 22వ కూర్పుల శ్రేణికి 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి. ఇందులో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రూపాలు ఉన్నాయి. 8 జి.బి. ర్యామ్ ఉన్నవారు సినమన్ తీసుకోవచ్చును. ఆ సోదరి వద్దనున్న 4 జి.బి. యంత్రానికి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తగినది. టైమ్‌షిఫ్ట్ అనే ఉపకరణం కూడా మింట్‌తోనే వస్తుంది. దానిని మొదటి రోజే అమర్చుకుంటే, పిల్లలు ఏదో మార్చి వ్యవస్థను పాడుచేసినా నిన్నటి స్థితికి తిరిగి వెళ్లవచ్చును. పిల్లలున్న ఇంటిలో దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఉబుంటు మంచిదే. 2004 నుండి వస్తున్నది. సమస్య ఏదైనా సమాధానం సులువుగా దొరుకుతుంది. అయితే దాని తెర అమరిక విండోస్ కంటే భిన్నమైనది, తక్కువ ర్యామ్ ఉన్న యంత్రానికి కొంత భారం కూడా. ఐర్లాండ్ నుండి వస్తున్న జోరిన్ విండోస్ పోలికలతో ముచ్చటగా ఉంటుంది; దాని కోర్ రూపం ఉచితం, ప్రో రూపానికి వెల ఉన్నది. జోరిన్ 18 సరిగ్గా విండోస్ 10 గడువు ముగిసిన రోజుననే విడుదల కావడం యాదృచ్ఛికమని మేము అనుకోము! ఫెడోరా నాణ్యమైనదే గాని, ఒక్కొక్క కూర్పుకు సుమారు 13 నెలలే ఆయుష్షు. ఏడాదికొకసారి మార్చుకునే ఓపిక కొత్తవారికి ఉండదు. మగపిల్లలు కొందరు యూట్యూబ్ చూసి కాలీ లినక్స్ వేసుకుంటామని పట్టుబడుతున్నారు. అది భద్రతా పరీక్షలు చేసే నిపుణుల పనిముట్టు. చదువులకూ ఇంటి పనులకూ అది తగదని దాని నిర్మాతలే చెబుతున్నారు.

లినక్స్ వద్దని మేము చెప్పవలసిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఇంటి వద్ద టాలీలో లెక్కలు వ్రాసేవారు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తెలుగు అక్షరకూర్పు చేసేవారు, ఇన్‌పేజ్‌లో ఉర్దూ పోస్టర్లు, శుభలేఖలు తయారుచేసేవారు తొందరపడరాదు. అవి విండోస్ కొరకు తయారైనవి. వాటిని లినక్స్‌లో నడిపే ఉపాయాలు ఉన్నా, జీవనోపాధిని అటువంటి ఉపాయాల మీద ఆధారపరచడం తెలివైన పని కాదు. అను ఫాంట్లలో కూర్చిన పాత ఫైలును లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. మా పేజీలు కూర్చే సోదరుడు ఈ మాట విని, తన కంప్యూటరు దరిదాపులకు మమ్ములను రానీయలేదు.

విద్యార్థుల పని వేరు. బ్రౌజరు, లిబ్రేఆఫీస్, పైథాన్, వీడియో పాఠాలు ఇవన్నీ లినక్స్‌లో చక్కగా సాగుతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. కళాశాలకు పంపే ప్రాజెక్టును మాత్రం చివరకు పి.డి.ఎఫ్.గా మార్చి పంపడం మేలు. వర్డ్ ఫైలుగానే పంపితే అవతలి యంత్రంలో పట్టికలు, ఖాళీలు కాస్త జరుగవచ్చు.

వేసుకునే ముందు చూసుకునే సౌలభ్యం లినక్స్‌లో ఉన్న గొప్ప సదుపాయమని మా అభిప్రాయం. 8 జి.బి. పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకొని, మింట్ ఐ.ఎస్.ఓ. ఫైలును అధికారిక స్థలం నుండి మాత్రమే దించుకొని, రూఫస్ లేక ఎచ్చర్ అనే ఉపకరణంతో దానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది. ల్యాప్‌టాప్‌ను ఆపి, తిరిగి వెలిగించేటప్పుడు ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీట ఒకటి నొక్కితే (ఏ మీట అన్నది తయారీదారును బట్టి మారుతుంది) పెన్‌డ్రైవ్ నుండి మింట్ తెరుచుకుంటుంది. అప్పటికి లోపలి డిస్కును అది తాకదు. వైఫై పట్టుకున్నదా, శబ్దం వస్తున్నదా, కెమెరా పనిచేస్తున్నదా, మూత మూసి తెరిస్తే మేలుకుంటున్నదా, ప్రింటరును గుర్తించినదా అని ఒక పూట తీరికగా చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసివేస్తే సరి, మీ విండోస్ మీకు ఉన్నట్లే ఉంటుంది.

నచ్చి, స్థాపించదలచినవారికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రితం మొదటిసారి లినక్స్ వేసే ఉత్సాహంలో, స్థాపన మధ్యలో "డిస్కును పూర్తిగా తుడిచివేయాలా" అన్న ప్రశ్నకు మేము చదవకుండానే అవునన్నాము. పది నిమిషాల తరువాత మా పెద్దక్క వచ్చి, "అబ్బాజాన్ గొంతు ఉన్న ఫోల్డరు ఎక్కడ?" అని అడిగినది. చివరి రంజాన్‌లో ఆయన మనవలతో మాట్లాడుతుండగా ఫోనులో పట్టినది. ఫోను అప్పటికే పోయినది. డేటా తిరిగి తీసేవారి వద్దకు పరుగెత్తాము. కొన్ని ఫోటోలు వచ్చాయి గాని, ఆ గొంతు రాలేదు. అక్క ఇప్పటికీ మమ్ములను ఒక్క మాట అనలేదు. అందుచేత ముందుగా ఫోటోలు, ధ్రువపత్రాల నకళ్లు, పిల్లల పుస్తకాలు అన్నింటినీ వేరే డిస్కులోకి నకలు తీయండి. తీసిన తరువాత ఆ డిస్కును మరొక యంత్రానికి తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఆ తరువాతనే స్థాపన.

విండోస్‌ను ఉంచుకొని ప్రక్కనే మింట్ వేసుకోవడం కూడా సాధ్యమే. అటువంటప్పుడు ఒక వింత ఎదురుకావచ్చు. మింట్ నుండి విండోస్‌లోకి వెళ్లగానే గడియారం ఐదున్నర గంటలు వెనుకకు జరుగుతుంది. యంత్రంలోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ అంతర్జాతీయ సమయంగా లెక్కించడమే ఇందుకు కారణం. లినక్స్‌లో ఒక్క అమరిక మార్చితే సరిపోతుంది. అంతవరకు ఆ తెర మీది గడియారాన్ని చూసి నమాజు వేళ నిర్ణయించుకోకండి!

తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడింటికీ కీబోర్డు అమరికలు మింట్‌లో చేర్చుకోవచ్చును. ఉర్దూ అక్షరాలు మొదట అరబ్బీ నస్ఖ్ రీతిలో కనిపించి పెద్దలకు ఇబ్బంది కలిగిస్తాయి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఉచిత ఫాంటును వేస్తే కంటికి అలవాటైన వ్రాత వస్తుంది.

యంత్రం ఇంకా నెమ్మదిగా ఉంటే, తిరిగే పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ వెలలో అది చిన్న భాగమే. పాత యంత్రానికి అంతకు మించిన చికిత్స మాకు తెలియదు.

ఆ సోదరి నుండి రెండవ ఉత్తరం గత వారం వచ్చినది. పెన్‌డ్రైవ్‌తో చూసినప్పుడు వైఫై దొరకలేదట. తల్లి ఫోనును తీగతో తగిలించి, యు.ఎస్.బి. టెథరింగ్ ద్వారా ఇంటర్నెట్ అందించి, డ్రైవర్ మేనేజర్ నుండి కావలసిన డ్రైవరును అమ్మాయి తనే దించుకున్నది. దుకాణంలో ఎస్.ఎస్.డి. మాత్రం వేయించుకున్నారు. నలభై వేల మాట కువైట్‌కు మళ్లీ వెళ్లలేదు. ప్రాజెక్టు సగం పూర్తయినది. చిన్నవాడు మాత్రం "అమ్మీ, నా ఆట ఎక్కడ?" అని రోజూ అలుగుతున్నాడట. ఇంటిలోని పాత లేజర్ ప్రింటరు ఇంకా దారికి రాలేదు. దాని నమూనా పేరు వ్రాసి పంపమని ఆమెకు తిరుగు టపాలో అడిగాము.