వేదనాగీతములు

1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు విచ్చేసి, బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో అతిథియై యుండి, ‘జనగణమన’ గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి సమకూర్చెను. ఈ సంగతి ఆ ఊరివారు గర్వముతో చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. అయితే నలుగురు నిలిచి కలిసి పాడు పాట వేఱు, మనిషి ఒంటరిగా వినుకొను పాట వేఱు. మదనపల్లె, పుంగనూరు బస్సులలోను, కుప్పములో రైలెక్కి బెంగళూరికి పనికి పోవువారి చెవులలోను నేడు మ్రోగునవి చాలవఱకు ఈ రెండవ తెగ పాటలే. విరహము, తీరని కోరిక, మోసపోయిన మనస్సు, మానని గాయము - ఇవియే వాని వస్తువులు.

ఇట్టి పాటలు యువజనులను చెఱచుచున్నవని పెద్దలు వాపోవుచుందురు. ఈ నింద క్రొత్తది కాదు. 1953లో ‘దేవదాసు’ చిత్రము వెలువడినప్పుడు సముద్రాల రాఘవాచార్యుల పదములు, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల కంఠము కలిసి తెలుగువారిని కంటతడి పెట్టించినవి. త్రాగి నశించుటయే ప్రేమకు పరాకాష్ఠ యను భ్రమ కలుగునేమో యను భయము అందులో లేకపోలేదు. కాని ఆ పాటలు దుఃఖమును పుట్టింపలేదు. నోరులేని దుఃఖమునకు నోరిచ్చినవి. ఈ విద్య సినిమా నేర్పినది కాదు. తిరుగలి పాటలలో, దంపుళ్ళ పాటలలో మన స్త్రీలు అత్తింటి ఆరళ్ళను, పుట్టింటి బెంగను ఏనాడో వెళ్ళబోసికొనిరి. మాటగా అన్నచో తప్పగునది పాటగా అన్నచో చెల్లినది.

మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమున్నది. క్షయ యను పేరు పలుకుటకే కుటుంబములు వెఱచిన కాలమున మిషనరీలు అచ్చట ఆ రోగులకు వైద్యశాల నెలకొల్పిరి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు తొలుత వేసిన చోట్లలో మదనపల్లె యొకటి. రోగి తన ఇంటనే యుండి మందులతో కోలుకొనగలడని మదరాసులో జరిగిన పరిశోధన 1959లో రుజువు చేసినది. అయితే ఏ మందైనను, రోగమును దాచక చెప్పుకొనినవానికే కదా అందును!

మనస్సునకు తగిలిన దెబ్బకును ఇదియే న్యాయము. పాట ఆ నొప్పికి పేరు పెట్టును. అదియే దాని ఉపకారము. నయము చేయుట దాని పని కాదు. ఒకే విషాదగీతమును రాత్రులు పదేపదే వినుచు, తిండి మాని, మాట మానిన బిడ్డను ‘పాటల పిచ్చి’ యని కసరి ఫోను లాగుకొనుట, జ్వరము చూపిన ఉష్ణమాపకమును పగులగొట్టినట్లుండును. బిడ్డ ప్రక్కన కూర్చుండి ఏమైనదని అడుగవలెను. అవసరమైనచో వైద్యునికడకు తోడు పోవలెను. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మనఃక్లేశములో నున్నవారని భావించి, శిక్షింపక సంరక్షింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. చట్టమునకు కలిగిన దయ ఇంటివారికి కలుగకుండుట సిగ్గుచేటు.

కవులకును ఒక మాట. వలచి విఫలుడైనవాని దుఃఖమును పాడుడు. వలదన్న స్త్రీని శపించుటను, వెంటాడుటను ప్రేమ యని పాడకుడు. మొదటిది గాయమును చెప్పును. రెండవది గాయము చేయును.

తెలుగు, తమిళము, కన్నడము ఒకదాని చెంత నొకటి వినబడు కుప్పములో 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయమున్నది. ఆ సీమలోని ముసలమ్మల తిరుగలి పాటలను, రైలులో యువకులు వినుకొను పాటలను ఒకే శ్రద్ధతో సేకరించి పరిశీలింపదగును. ఒక తరము దేనికి కన్నీరు పెట్టినదో తెలిసికొననిచో, ఆ తరము చరిత్ర మనకు సగమే తెలిసినట్లు.

ప్రక్కగదిలో అర్ధరాత్రి విషాదగీతము మ్రోగుచున్నప్పుడు ఆ పాట ఎవరు పాడిరని కాదు, వినుచున్నవారికి ఏమైనదని అడుగుదము.