శనివారపు సున్నం, కొల్లేటి ఇల్లు



లేవీయకాండము 14వ అధ్యాయం మీద ప్రసంగం విన్నామని చెప్పినవారు మాకు ఇంతవరకు తగల్లేదు. మొదటి సగం కుష్ఠరోగి శుద్ధి గురించి. 33వ వచనం నుంచి సంగతి ఇంటిగోడకు మారుతుంది. గోడమీద పచ్చగానో ఎర్రగానో గుంటలు పడిన చారలు కనబడితే ఇంటివాడు యాజకునికి కబురు పెట్టాలి. యాజకుడు రాకముందే సామానంతా బయట పెట్టాలి. ఆయన చూసి, ఇల్లు ఏడు రోజులు మూసి, మళ్లీ వచ్చి చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి ఊరి వెలుపల పారేసి, లోపలి గోడలన్నీ గీకించి, వేరే రాళ్లు పెట్టి కొత్త అడుసు పూయాలి. ఇంత చేశాక కూడా పొడ తిరిగి వస్తే అప్పుడు ఇల్లు పడగొట్టాలి.

పడగొట్టడం చివరిమాట అని గమనించండి. మన సంఘాల్లో అది మొదటిమాట అయిపోయింది. మా సంఘానికి కొల్లేటి గట్టున పాత పెంకుటిల్లు ఒకటి ఉంది. ఉపవాస కూడికలకు, యౌవనస్థుల కూటాలకు వాడుకుంటాము. దాన్ని తీసేసి స్లాబు పోద్దామని కొందరు పెద్దలు అడుగుతున్నారు. వారి బాధ మాకు అర్థమౌతుంది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులన్నీ వచ్చి పడేది కొల్లేటిలోకే, ఆ నీళ్లు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. వానాకాలంలో గోడలు మోకాలెత్తు వరకు చెమ్మెక్కుతాయి. అయినా కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ జాబితాలో ఉన్న చిత్తడినేల. అలాంటి చోట కొత్తగా కట్టడం మన చందాలతో తేలే మాట కాదు. ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే మర్యాద.

గోడ జబ్బు సగం మనం తెచ్చిపెట్టిందే అని మేస్త్రి చూపించాడు. పాత ఇటుకగోడ గానుగ సున్నంతో కట్టినది. చెమ్మ పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. ఎప్పుడో ఎవరో గట్టిగా ఉంటుందని దానిమీద సిమెంటు పూయించారు. ఇక లోపలి తడికి బయటికి దారి లేదు. ఉప్పు పొంగి సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది, దానితోపాటు ఇటుక ముఖం కూడా పోతోంది. కనుక లేవీయకాండములో ఉన్నట్టే మొదట గీకడం, తరువాత ఆరనివ్వడం. ఆరకముందే రంగు వేద్దామని తొందరపడేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

పని శనివారాల్లో సాగుతోంది. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు శుక్రవారం రాత్రి బయలుదేరి వస్తున్నారు. డ్రిల్లు మెషిన్లు తెస్తున్నారు, యూట్యూబులో చూసి పూత వేయడం నేర్చుకుంటున్నారు. నవ్వేవారు నవ్వారు. నెహెమ్యా 3వ అధ్యాయం చదవండి. యెరూషలేము గోడ కట్టినవారిలో కంసాలి ఉన్నాడు, సుగంధద్రవ్యాలు చేసేవాడు ఉన్నాడు, షల్లూము కుమార్తెలు ఉన్నారు. వాళ్లలో ఎవరు తాపీ పట్టి పెరిగారు? పనికి మెడ వంచనివారు తెకోవీయుల ప్రముఖులు, వాళ్ల సంగతి కూడా అక్కడే రాసి ఉంది. అయితే కరెంటు పని మాత్రం పిల్లల చేతికి ఇవ్వము. చెమ్మగోడలో వైరింగు ప్రాణం తీస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22:8 ఎందుకు చెప్పిందో ఎర్తింగుకూ అదే కారణం.

అసలు చిక్కు వేరే ఉంది. శనివారం సెలవు అనేది జీతగాళ్ల మాట. చేపల చెరువుల మీద కూలికి పోయే మన సహోదరునికి శనివారం మామూలు పనిదినమే. అతను ఆ రోజు మందిరపు పనికి వస్తే ఇంట్లో బియ్యానికి లోటు పడుతుంది. ఉద్యోగం చేసే అబ్బాయి ఇచ్చేది తీరిక సమయం, ఈయన ఇచ్చేది అన్నం. రెండింటినీ ఒకే పేరుతో శ్రమదానం అని పిలిచి చప్పట్లు కొట్టడం మాకు న్యాయంగా తోచలేదు. దేవుని పనికి కూలేమిటి అని ఒక పెద్దాయన అడిగారు. 2 రాజులు 12లో యోవాషు కాలాన యెహోవా మందిరం బాగుచేసిన వడ్రంగులకు, కట్టేవారికి, కాసెపనివారికి డబ్బు ఇచ్చారని రాయబడింది. (అదే అధ్యాయంలో యాజకులు డబ్బు తీసుకుని ఏళ్ల తరబడి మరమ్మతు చేయించలేదనీ ఉంది. మాలాంటివాళ్లం ఆ వచనం నెమ్మదిగా చదవాలి.) పొద్దుగూకకముందే కూలి ఇవ్వాలని ధర్మశాస్త్రం, ఆపిన కూలి మొఱ్ఱపెడుతుందని యాకోబు పత్రిక. కాబట్టి మా నిర్ణయం ఇది: రోజుకూలి మీద బతికేవారు ఎవరొచ్చినా, మన విశ్వాసి అయినా సరే, సాయంత్రం ఐదింటికి కూలి చేతిలో పెడతాము. తరువాత దాన్ని కానుకపెట్టెలో వేస్తారో ఇంటికి తీసుకెళ్తారో వారి ఇష్టం. ఎవరు వేశారు, ఎవరు వేయలేదు అని లెక్క రాయము.

ఇక కుక్కల సంగతి. ఆ ఇంటి అరుగుమీద నాలుగు ఊరకుక్కలు ఉంటాయి, వాటిలో ఒకటి ఇసుకకుప్పలో ఈనింది. కొత్తగా అలికిన నేలమీద అడుగులు వేస్తున్నాయని, గోనెసంచుల్లో వేసి కొల్లేరు అవతల వదిలేద్దామని ఒక మాట వచ్చింది. అది నిబంధనలకు విరుద్ధం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. నీతిమంతుడు తన పశువుల ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12లో ఉంది కదా అంటే, అవి మనవి కావుగా అన్నారు. కనాను స్త్రీ మాటల్లో బల్లకింద ముక్కలు తినే కుక్కలకు గ్రీకులో వాడిన పదం ఇంట్లో మసలే చిన్నకుక్కలను సూచిస్తుంది. మన శనివారపు భోజనం విస్తళ్లు నాకుతున్నవి ఎవరివి మరి? వట్టి జాలితో అన్నం పెట్టి ఊరుకోవడాన్ని కూడా మేము ఒప్పుకోము. అభయారణ్యంలో కుక్కలు పెరిగితే గట్టుమీద గుడ్లు పెట్టే పక్షులకు ముప్పు. నాలుగింటికీ రేబిస్ టీకా, శస్త్రచికిత్స చేయించాలి. ఆ ఖర్చు కూడా ఇంటి మరమ్మతు ఖాతాలోనే రాయమని కోశాధికారికి చెప్పాము.

సున్నం గుంట దగ్గర జాగ్రత్త ఇంకా ముఖ్యం. రాతి సున్నంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది, చిమ్మితే కళ్లు పోతాయి. మనిషికైతే చెప్పగలం, నీళ్లనుకుని మూతి పెట్టే కుక్కపిల్లకు ఎవరు చెబుతారు? గుంట చుట్టూ తడిక కట్టాము. పాత మేకులు ఏరి డబ్బాలో వేసే పని ఆదివారపు బడి పిల్లలది.

వచ్చే శనివారం పెంకులు దించుతాము. వాసాల్లో చెదలు తిన్నవెన్నో అప్పుడు తెలుస్తుంది. వచ్చేవారు చెప్పులతో కాకుండా బూట్లతో రండి, పెంకుల సందుల్లో తేళ్లుంటాయి. తల్లికుక్క ఇసుకకుప్పలోనే ఉంది, ఆ వారానికి ఇసుక వేరేచోట దింపించండి.