ఎండిన మొక్కతో ల్యాబ్‌కు పోతే లాభం లేదు

వానలు ముదిరాక కోహీర్, జహీరాబాద్ మండలాల్లో అల్లం ఆకులు పసుపెక్కడం మనకు కొత్త కాదు. రైతు మొదట పోయేది మందుల దుకాణానికే. అక్కడిచ్చింది పోసి, తగ్గకుంటే ఇంకోటి పోసి, చివరికి ఎండిన మొక్కను కవర్లో చుట్టుకొని ల్యాబ్‌కు పోతాడు. రిపోర్టులో ఏవో బూజుల పేర్లు వస్తాయి. అవి చాలాసార్లు మొక్క చచ్చాక చేరినవే. పరీక్ష దండగ అని రైతుకు అనిపించదా మరి?

అయినా పరీక్ష మానొద్దనే మేము అంటున్నాం. దుంప కుళ్లు పిథియం వల్ల, ఎండు తెగులు రాల్‌స్టోనియా అనే బాక్టీరియా వల్ల వస్తాయి. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పిథియం మీద పనిచేసే మెటలాక్సిల్ బాక్టీరియాను ఏమీ చేయదు. కార్బెండజిమ్ రెండింటికీ పనికిరాదు, అయినా మన చేలల్లో ఎన్ని ప్యాకెట్లు పోశామో! బాక్టీరియా అని తేలితే మందు ఖర్చు ఆపొచ్చు. ముఖ్యంగా ఆ చేను దుంపను విత్తనానికి ఉంచుకోకూడదు, ఆ నీళ్లు పక్క మడికి పారనివ్వకూడదు.

చేనులోనే ఒకటి చూడొచ్చు. మొక్క మొదలు కోసి, కోసిన వైపు గాజు గ్లాసు నీళ్లలో ఆనించి పట్టుకోండి. కాసేపట్లో పాలలాంటి తెల్లటి ధార దిగితే అది బాక్టీరియా. దిగకపోతే మాత్రం కాదని తేల్చేయొద్దు.

ల్యాబ్‌కు ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్కలు నాలుగైదు, మందు కొట్టకముందే, వేర్లతో తవ్వి తీసుకెళ్లండి. పక్కన ఒక మంచి మొక్క కూడా ఉండాలి. మొక్కను పేపర్లో చుట్టండి, తడి కవర్లో పెడితే దారిలోనే కుళ్లుతుంది. శనివారం పంపితే ఆదివారమంతా మూటలోనే. ముందు ఏ పంట వేశారు, నీళ్లు నిలుస్తాయా, ఏ మందులు వాడారు, ఇవన్నీ చీటీ మీద రాయండి. వాడిన మందు దాచొద్దు.

మన జామ తోటలకూ ఇంతే. చెట్టు ఎండుతుంటే ఆకులు పంపి లాభం లేదు. వేర్ల మీద బుడిపెలుంటే వేర్లతోపాటు మట్టి కూడా ఎండకుండా పంపి, నులిపురుగుల పరీక్ష కావాలని అడగాలి. అడగకుంటే చేయకపోవచ్చు. దిడ్గి కృషి విజ్ఞాన కేంద్రానికో, సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానానికో ముందే ఫోన్ చేసి ఏం తేవాలో కనుక్కోండి.

బాధ్యతంతా రైతు మీదే వేస్తే మేము ఒప్పుకోం. 5 వేల ఎకరాలకొకటి చొప్పున కట్టిన రైతు వేదికల్లోనే నమూనాలు తీసుకోవాలి. రిపోర్టు తెలుగులో ఉండాలి, ఏ మందు కొట్టకూడదో కూడా అందులో రాయాలి, మళ్లీ మందు కొనే లోపే అది రైతు చేతికి రావాలి. ఈ మూడింటి కోసం వ్యవసాయ, ఉద్యాన శాఖలను మన సంఘం డిమాండ్ చేస్తోంది.