ఆప్షన్లు పెట్టే రోజు మా పక్కన ఒకరుండాలి

ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ అధికారులకు,



తెలంగాణలో 2024 నుంచి ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది. ర్యాంకు వచ్చాక తల్లిదండ్రులు పడే తిప్పలు మాత్రం మారలేదు.

స్లాట్ బుకింగ్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, ఫ్రీజింగ్, సెల్ఫ్ రిపోర్టింగ్. ఇన్ని దశల్లో చదువుకున్న ఇళ్లవాళ్లే తడబడతారు. కూలికి పోయే ఇంటి పిల్లలకు నెట్ సెంటరే దిక్కు. అక్కడ పాస్‌వర్డూ, ఓటీపీ పరాయివాళ్ల చేతికి పోతాయి. కాలేజీల తరఫున తిరిగే ఏజెంట్లు కాచుకుని ఉంటారు.

ఆప్షన్ల వరుసే పిల్లల నాలుగేళ్లను తేలుస్తుంది. పైనున్న ఆప్షన్‌లో సీటొస్తే కిందివాటిని చూడరు. నిరుడు మా అమ్మాయి కోరుకున్న కాలేజీ హడావుడిలో కిందికి పోయింది, పైనున్న దూరపు కాలేజీలో సీటొచ్చింది. రోజూ మూడు గంటలు బస్సులోనే గడుపుతోంది. తప్పెక్కడ జరిగిందో మాకు తర్వాతే తెలిసింది.

మిమ్మల్ని మూడే అడుగుతున్నాం. ఆప్షన్ల గడువు ముగిసేదాకా ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కంప్యూటర్, శిక్షణ పొందిన ఒక అధ్యాపకుడు ఉండాలి. ఆప్షన్ల వరుస ఎలా పనిచేస్తుందో తెలుగులో ఒక్క పేజీలో రాసి ర్యాంకు కార్డుతోపాటు ఇవ్వాలి. ఫ్రీజ్ చేసేముందు మొదటి పది ఆప్షన్లు తల్లిదండ్రుల ఫోనుకు తెలుగులో రావాలి.

కష్టపడి ర్యాంకు తెచ్చుకున్నది పిల్లలు. తెలియక చేసిన ఒక్క తప్పుతో అది వృథా కాకుండా చూడండి. వచ్చే కౌన్సెలింగ్‌కే ఈ ఏర్పాట్లు చేయండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి